హిస్టరీ ఖాళీగానే ఉంది, అయినా మా వారికి ఎలా తెలిసింది?

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లయి పదకొండేళ్లయింది. రెండేళ్లుగా మా వారి కోపం మాటలు దాటి చేతుల దాకా వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, అందులో విండోస్ ఉంది. ఆయన కంప్యూటర్లు మరమ్మతు చేస్తారు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. రెండు నెలల క్రితం, గోప్యత ఉంటుందని ఎవరో చెబితే బ్రేవ్ బ్రౌజర్ వేసుకుని కొన్ని వారాలు దాంట్లో చదివాను. తర్వాత అక్క చెప్పడంతో, ఏ సైట్లు చూస్తున్నామో బయటికి తెలియకుండా దాచే టోర్ బ్రౌజర్‌ను క్రోమ్‌లోంచి దించుకుని అది వాడుతున్నాను. చదివినవన్నీ మహిళల సహాయ కేంద్రాల గురించి, విడాకుల గురించి. ఒక దరఖాస్తు ఫారం దించుకుని, తెరిచి చూసుకుని, చెరిపేశాను. పోయిన ఆదివారం ఆయన ఉన్నట్టుండి, ‘టోర్ ఎందుకు వాడుతున్నావు?’ అని అడిగారు. ప్రకటనల బెడద ఉండదని చెప్పాను. అప్పటికి ఊరుకున్నారు. టోర్‌లో హిస్టరీ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. మరి ఆయనకు ఎలా తెలిసింది? నేను చదివినవి కూడా తెలిసిపోయాయా? అన్నీ తీసేసి, ఏదైనా క్లీనర్ సాఫ్ట్‌వేర్ నడిపితే జాడ లేకుండా పోతుందా? ఈ ఉత్తరం అక్క ఫోనులోంచి రాస్తున్నాను. పేరు వేయవద్దు.

సమాధానం: అమ్మా, ఈ సమాధానాన్ని కూడా అక్క ఫోనులోనే చదవండి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఏ బ్రౌజర్‌లోనూ తెరవకండి. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నిటిలో పెద్దది ఇదే. ఉత్తరం అక్క ఫోనులోంచి రాయడంతో నేను చెప్పకముందే మీరు దాన్ని పాటించారు.

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. టోర్ వాడినట్టు ఆయనకు ఎలా తెలిసిందన్నది ఒకటి, అందులో ఏం చదివారో తెలిసిందా అన్నది ఇంకొకటి. భయంలో ఉన్నప్పుడు ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కంప్యూటర్లను పరీక్షించి నివేదికలు రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మేము వీటిని ఎప్పుడూ విడివిడిగానే రాస్తాం. ఫలానా బ్రౌజర్ ఈ యంత్రంలో నడిచిందనడానికి ఆధారం దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది. దాంట్లో ఏ పేజీ చూశారన్నదానికి చాలాసార్లు దొరకదు. ఆయన అడిగిన మాటను మళ్లీ ఒకసారి చూడండి. టోర్ ఎందుకు వాడుతున్నావు అన్నారే తప్ప ఏం చదువుతున్నావు అనలేదు. దీన్ని చూసుకుని ధైర్యంగా ఉండమని చెప్పలేను, ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు కాబట్టి. అయితే ఆయన ప్రశ్న మొదటి రకం ఆధారాలతో సరిగ్గా సరిపోతోంది. ఆ ఆధారాలు ఎక్కడెక్కడ ఉంటాయో చూద్దాం.

పెద్ద విద్య అవసరం లేనివి ముందు చెబుతాను. టోర్ బ్రౌజర్ విండోస్‌లో మామూలుగా డెస్క్‌టాప్ మీదే ఒక ఫోల్డర్‌గా కూర్చుంటుంది. మీరు దాన్ని వేరే చోటికి మార్చినా, స్టార్ట్ మెనూలో కొత్తగా చేరిన ప్రోగ్రాముల వరుసలో దాని పేరు కనిపించవచ్చు. అన్నిటికంటే ముందున్న జాడ క్రోమ్‌లో ఉంది. టోర్ దించుకోవడానికి మీరు టోర్ వాళ్ల వెబ్‌సైటుకు క్రోమ్‌లోంచే వెళ్లారు. ఆ సందర్శన క్రోమ్ హిస్టరీలోనూ, దించుకున్న ఫైలు పేరు డౌన్‌లోడ్ల జాబితాలోనూ, తేదీతో, గంటతో సహా నమోదయ్యాయి. గోప్యత కోసం వేసుకున్న బ్రౌజర్ గురించి మొదటి సాక్ష్యం చెప్పేది చాలాసార్లు అంతకుముందున్న బ్రౌజరే. మా ముందుకు వచ్చే యంత్రాల్లో మేము మొదట తెరిచేది కూడా అదే.

ఇక విండోస్ తనంతట తాను రాసుకునే లెక్కలు ఉన్నాయి. వీటి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హిస్టరీ ఖాళీగా ఉంటే అంతా ఖాళీయే అన్న నమ్మకం ఇక్కడే తప్పుతుంది.

మీ ల్యాప్‌టాప్ ఒక ఇల్లు, బ్రౌజర్ ఆ ఇంట్లో ఒక గది అనుకోండి. తన గదిలో కాగితం ముక్క కూడా మిగలకుండా అది ఊడ్చుకోగలదు. కానీ ఇల్లు విండోస్‌ది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంతసేపున్నారు, ఎంత సామాను మోశారు అన్నది విండోస్ తన సొంత అవసరాల కోసం రాసుకుంటుంది. అందులో మిమ్మల్ని పట్టించాలనే ఉద్దేశం ఏమీ లేదు. మరోసారి ఆ ప్రోగ్రామును త్వరగా తెరవడానికో, బ్యాటరీ ఎంత ఖర్చయిందో చెప్పడానికో ఆ లెక్క దానికి కావాలి.

అలాంటి వాటిలో ఒకటి ప్రీఫెచ్ అనే ఫోల్డర్. విండోస్ ఉన్న ఫోల్డర్ లోపలే ఉంటుంది, అడ్మినిస్ట్రేటర్‌కు తెరుచుకుంటుంది. ఏ ప్రోగ్రాము నడిచినా దాని పేరుతో అక్కడ ఒక చిన్న ఫైలు పుడుతుంది. పేరు తర్వాత ఒక గీత, ఆ తర్వాత ఎనిమిది అంకెలూ అక్షరాలూ కలిసిన గుర్తు. ఆ ప్రోగ్రాము ఏ చోటు నుంచి నడిచిందో దాన్ని బట్టి ఆ గుర్తు తయారవుతుంది. టోర్ బ్రౌజర్‌ను మీరు తెరిచిన ప్రతిసారీ నిజానికి రెండు ప్రోగ్రాములు లేస్తాయి. ఒకటి పేజీలు చూపించేది. టోర్ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ మీద కట్టినది కాబట్టి ఆ ప్రోగ్రాము పేరు అక్కడ ఫైర్‌ఫాక్స్ అనే ఉంటుంది. రెండోది టోర్ నెట్‌వర్క్‌కు దారి కలిపేది, దాని పేరు అచ్చంగా టోర్. ఈ రెండు పేర్లూ ప్రీఫెచ్‌లో పక్కపక్కనే, కొన్ని సెకన్ల తేడాతో కనిపిస్తే చూసేవారికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. పైగా ఇప్పటి విండోస్‌లలో ఆ చిన్న ఫైలు లోపల ప్రోగ్రాము మొత్తం ఎన్నిసార్లు నడిచిందో, చివరి ఎనిమిది సార్లు ఏ రోజు ఏ సమయానికి నడిచిందో ఉంటుంది. ప్రోగ్రామును చెరిపేసినా ఈ ఫైలు దానితో పాటు పోదు.

రెండోది రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలు దాచుకునే చోట, యూజర్ అసిస్ట్ అనే భాగం. మీరు మౌసుతో నొక్కి తెరిచిన ప్రోగ్రాముల పేర్లు, ఎన్నిసార్లు తెరిచారు, చివరిసారి ఎప్పుడు అన్నవి మీ లాగిన్ పేరు కిందే అక్కడ ఉంటాయి. పేర్లు మాత్రం నేరుగా ఉండవు. ఇంగ్లీషు అక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి రాస్తారు. ఫైర్‌ఫాక్స్ అన్న పేరు అక్కడ ఎస్, వి, ఇ, ఆర్, ఎస్, బి, కె అని కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు అదేదో వైరస్ పేరనుకుంటారు. ఇది రహస్య లిపి అనిపించుకోదు, బడి పిల్లలు కూడా విప్పగలిగిన పొడుపు. మరమ్మతు పని తెలిసిన మనిషికి ఒక ఉచిత పరికరం చాలు, రెండు నిమిషాల్లో అన్ని పేర్లనూ విడదీసి పట్టికలో పెడుతుంది.

మూడోది నన్ను మొదట్లో బాగా ఆశ్చర్యపరిచింది. విండోస్ 8 నుంచి ఏ ప్రోగ్రాము ఎన్ని బైట్లు నెట్‌లోకి పంపింది, ఎన్ని తెచ్చుకుంది అన్న లెక్కను యంత్రం గంట గంటకూ రాసుకుంటోంది. సిస్టమ్ రిసోర్స్ యూసేజ్ మానిటర్ అంటారు. అందులో సుమారు నెల నుంచి రెండు నెలల లెక్క నిలవ ఉంటుంది. ఏ వెబ్‌సైటుకు వెళ్లారో దానికి తెలియదు. కానీ టోర్ ఫోల్డర్‌లోని ప్రోగ్రాము మంగళవారం మధ్యాహ్నం ఇంత సమాచారం తెచ్చుకుందని మాత్రం చెప్పగలదు. మీ వారు ఇంట్లో లేని గంటల్లోనే ఆ వరుసలన్నీ పడుతున్నాయని ఆయన గమనిస్తే, దాని నుంచి ఆయన ఏం ఊహిస్తారో మీకే బాగా తెలుసు.

ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నవి కావు. టోర్ ప్రాజెక్టు వాళ్లే 2013లో తమ బ్రౌజర్ విండోస్, మ్యాక్, లినక్స్ యంత్రాల్లో ఏ జాడలు వదులుతోందో పరీక్షించి నివేదిక వెలువరించారు. విండోస్‌లో ప్రీఫెచ్, రిజిస్ట్రీ, మెమరీ చాలనప్పుడు వాడే పేజ్ ఫైల్ లాంటి చోట్ల గుర్తులు దొరికాయని దాచకుండా రాశారు. అంతకుముందు 2010లో స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు అప్పటి పెద్ద బ్రౌజర్ల ప్రైవేట్ విండోలను పరిశీలించి, ఆ మాటకు ఒక్కో బ్రౌజర్ ఒక్కో అర్థం చెప్పుకుంటోందని, బ్రౌజర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లు అనే చిన్న ప్రోగ్రాములు ఆ రక్షణకు గండి కొట్టగలవని చూపించారు. సఫారీ 2005లో, క్రోమ్ 2008లో ఈ విండోను తెచ్చినప్పటి నుంచీ వాటి అసలు వాగ్దానం చిన్నదే. విండో మూశాక హిస్టరీని, కుకీలనూ తమ దగ్గర ఉంచుకోబోమని మాత్రమే అవి అన్నాయి. యంత్రం తరఫున మాట ఇవ్వడం వాటి వల్ల కాదు.

ఇప్పుడు నేను నిజంగా ఆందోళన పడుతున్న చోటికి వస్తాను. మీరు టోర్ గురించి భయపడుతున్నారు. నా భయం బ్రేవ్ గురించి.

మీరు ఖాళీగా ఉందని చూసిన హిస్టరీ టోర్‌ది. టోర్ బ్రౌజర్ మామూలుగా ఎప్పుడూ హిస్టరీ దాచుకోదు, కాబట్టి అది ఖాళీగా ఉండటంలో విశేషమేమీ లేదు. బ్రేవ్‌ను తెరిచి అక్కడి హిస్టరీ చూశారా? గోప్యత బ్రౌజర్ అన్న పేరు విని, అది ఏదీ గుర్తుంచుకోదని చాలామంది అనుకుంటారు. బ్రేవ్ ఇచ్చే గోప్యత ముఖ్యంగా ప్రకటనల కంపెనీల నుంచి, మన వెంట తిరిగే ట్రాకర్ల నుంచి. అదే కుర్చీలో కూర్చుని అదే యంత్రం తెరిచే మనిషి నుంచి కాపాడటం దాని మామూలు విండో పని కాదు. అది కూడా క్రోమ్ లాగే క్రోమియం అనే ఉమ్మడి పునాది మీద కట్టిన బ్రౌజర్. మామూలు విండోలో చూసిన ప్రతి పేజీ చిరునామా, శీర్షిక, సమయం హిస్టరీ అనే ఫైలులో రాసి పెట్టుకుంటుంది. ఈ జాతి బ్రౌజర్లు సాధారణంగా 90 రోజుల వరకు ఆ లెక్క ఉంచుతాయి. మీరు రెండు నెలల క్రితం చదివినవి ఇంకా ఆ గడువులోనే ఉన్నాయి. ఆ కొన్ని వారాలూ ప్రైవేట్ విండోలో చదివి ఉంటే సరే. మామూలు విండోలో చదివి ఉంటే, ఆ పేజీల శీర్షికలు చూడటానికి ఆయనకు ఏ పరికరమూ అక్కరలేదు.

బ్రేవ్‌లో టోర్‌తో కలిసిన ప్రైవేట్ విండో కూడా 2018 నుంచి ఉంది. దాన్ని అసలు టోర్ బ్రౌజర్‌కు సమానంగా నేను లెక్కపెట్టను. 2021లో ఆ విండోలోని ఒక లోపం వల్ల, వాడుకరులు వెళ్లిన ఆనియన్ చిరునామాల (టోర్ లోపల మాత్రమే తెరుచుకునే వెబ్‌సైట్ల) పేర్లు వాళ్ల ఇంటర్నెట్ సంస్థ డిఎన్ఎస్‌కు, అంటే వెబ్‌సైటు పేరుకు చిరునామా చెప్పే సర్వర్‌కు, బయటపడ్డాయి. తర్వాత సరిదిద్దారు, అది నిజమే. అయినా ఒక బ్రౌజర్‌కు ఒక గుణం అదనంగా తగిలించడానికీ, మొత్తం ఆ గుణం కోసమే కట్టడానికీ తేడా ఉంది.

టోర్ ఫోల్డర్ లోపల ఏముంటుందో కూడా చెప్పాలి. అందులో స్టేట్ అనే చిన్న అక్షర ఫైలు ఒకటి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌తోనే తెరవవచ్చు. టోర్ చివరిసారి దాన్ని రాసిన సమయం, నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి ఎంచుకున్న మొదటి మజిలీల (మీ ల్యాప్‌టాప్ నేరుగా కలిసే టోర్ సర్వర్ల) వివరాలు, వాటిని దాదాపు ఏ తేదీల్లో ఎంచుకుందో అందులో ఉంటాయి. మీరు వెళ్లిన వెబ్‌సైట్ల పేర్లు ఉండవు. అయితే మళ్లీ చదవడానికి వీలుగా ఏదైనా పేజీని బుక్‌మార్క్ చేసుకున్నారా? బుక్‌మార్కులు మాత్రం టోర్ దాచుకుంటుంది, ఎందుకంటే దాచమని అడిగింది మీరే. మా పరీక్షల్లో అంతా శుభ్రంగా ఉన్న టోర్‌లో ఒక్క బుక్‌మార్క్ అన్నీ చెప్పేసిన సందర్భాలు ఉన్నాయి.

మీరు చెరిపేసిన ఫారం సంగతి. బ్రౌజర్ ఏదైనా సరే, దించుకున్న ఫైలు దాని గది దాటి ఇంట్లోకి వచ్చేసినట్టే. దాన్ని తెరిచారన్నారు. తెరిచిన క్షణంలో విండోస్ తన రీసెంట్ అనే ఫోల్డర్‌లో ఆ ఫైలు పేరుతో ఒక షార్ట్‌కట్ పుట్టిస్తుంది. ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉండేది, దాని పరిమాణం ఎంత, ఎప్పుడు తయారైంది అన్నవి ఆ షార్ట్‌కట్ లోపల ఉంటాయి. ఫైలు చెరిపేసినా షార్ట్‌కట్ మిగిలిపోవచ్చు. ఫారం చూడటానికి వాడిన ప్రోగ్రాము కూడా ఇటీవల తెరిచిన వాటి జాబితా ఉంచుకుంటుంది. రీసైకిల్ బిన్ ఖాళీ చేశారో లేదో మీరు రాయలేదు. డిస్క్ కొత్త రకం ఎస్ఎస్‌డి అయితే చెరిపిన ఫైలు లోపలి విషయం తిరిగి దొరకకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. పేరు మాత్రం ఇన్ని చోట్ల మిగిలి ఉంటుంది. గృహహింస ఫిర్యాదుకో విడాకులకో సంబంధించిన ఫారం అయితే ఆ పేరే అన్నీ చెప్పేస్తుంది.

ఇక టోర్‌లో చదివిన పేజీల అక్షరాలు ఎక్కడైనా మిగిలి ఉంటాయా? ఉండే చోటు ఒకటుంది, కానీ అక్కడికి చేరడం కష్టం. పేజీ తెర మీద కనిపిస్తున్నంతసేపూ దాని విషయం మెమరీలో ఉంటుంది. మెమరీ చాలనప్పుడు విండోస్ కొంత భాగాన్ని పేజ్ ఫైల్ అనే పెద్ద ఫైలులోకి మారుస్తుంది. ల్యాప్‌టాప్ హైబర్నేట్ అయితే మెమరీని దాదాపు మొత్తంగా డిస్క్ మీదికి దించి నిద్రపోతుంది. ఆ ఫైళ్లను ప్రత్యేక పరికరాలతో జల్లెడ పడితే తెగిన ముక్కలుగా చిరునామాలు, వాక్యాలు దొరకవచ్చు. మేము కొన్నిసార్లు పట్టుకున్నాం, చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగి వచ్చాం. దీనికి ఓపిక, పరికరాలు, యంత్రాన్ని గంటల తరబడి తన దగ్గర పెట్టుకునే వీలు కావాలి. మీ వారు అంత దూరం వెళ్లారనడానికి మీ ఉత్తరంలో సూచన కనబడలేదు. ఈ భయాన్ని వరుసలో చివరన పెట్టుకోండి.

ఇంటి రౌటర్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మామూలు ప్రైవేట్ విండోలో మీరు ఒక వెబ్‌సైటు పేరు కొట్టినప్పుడు, ఆ పేరుకు చిరునామా ఏమిటని డిఎన్ఎస్‌ను అడగాల్సి వస్తుంది. ఆ ప్రశ్న చాలా ఇళ్లలో రౌటర్ గుండానే పోతుంది. పేర్లు నమోదు చేసేలా రౌటర్‌ను అమర్చుకున్నవారికి ప్రైవేట్ విండో ఏమీ అడ్డు కాదు. టోర్ బ్రౌజర్ ఆ ప్రశ్నను తన నెట్‌వర్క్ అవతలి చివరి నుంచి అడుగుతుంది కాబట్టి వెబ్‌సైట్ల పేర్లు రౌటర్‌కు తెలియవు. అయితే మీ ల్యాప్‌టాప్ టోర్ నెట్‌వర్క్‌తో మాట్లాడుతోందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. ఈ తేడా ఎంత బరువైనదో 2013 డిసెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టోర్ ద్వారా బాంబు బెదిరింపు మెయిళ్లు పంపాడు. టోర్‌ను ఎవరూ ఛేదించలేదు. ఆ గంటల్లో విశ్వవిద్యాలయం వైఫై మీద టోర్ వాడినవారెవరని రికార్డులు చూశారు, అతని దగ్గరికి వెళ్లి అడిగారు, ఒప్పుకున్నాడు. మీ సంగతికీ ఆ నేరానికీ పోలికే లేదు. కానీ గుంపులో ఒక్కరే టోర్ వాడుతుంటే టోర్ వాడటమే ఎలా గుర్తుగా మారుతుందో అక్కడ కనిపిస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఇన్ని చెప్పాక కూడా ఇంకొక అనుమానం మిగిలే ఉంది. అది నిజమైతే పై మాటలన్నీ పక్కకు పోతాయి. యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న మనిషి అందులో నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టగలరు. నొక్కిన ప్రతి మీటనూ రాసుకునేవి ఉన్నాయి, కొన్ని నిమిషాలకొకసారి తెరను ఫొటో తీసేవి ఉన్నాయి. టోర్ అయినా ఇంకేదైనా ఆ పైన కూర్చుని చూసేవాడికి అద్దంలాంటిదే. అది ఉందో లేదో వెతకమని మాత్రం మీకు చెప్పను. వెతుకుతున్నారని కూడా అది చెప్పేయగలదు. ఉన్నట్టే అనుకుని నడుచుకోండి.

క్లీనర్ నడపనా అన్నారు. వద్దమ్మా. గట్టిగా చెబుతున్నాను, వద్దు. క్లీనర్ దించుకున్న జాడ, నడిపిన జాడ ఇప్పుడు చెప్పిన చోట్లలోనే కొత్తగా పడతాయి. అది కొన్ని జాబితాలను తుడుస్తుంది, కొన్నిటిని వదిలేస్తుంది. డిస్క్ మీద ఏ ఫైలు పుట్టింది, ఏది పోయింది అని విండోస్ వేరుగా ఒక చిట్టా రాసుకుంటుంది. వందల ఫైళ్లు ఒకే నిమిషంలో పోయినట్టు అందులో కనబడుతుంది. మేము ఒక యంత్రాన్ని తెరిచినప్పుడు మొన్నటి దాకా నిండుగా ఉన్న చోటు నిన్నటి నుంచి ఖాళీ అయితే, ముందు అక్కడే ఆగుతాం. మీ వారు కూడా అక్కడే ఆగుతారు. ఇప్పటికి ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉంది, మీరు ఒక జవాబు చెప్పారు. ఈ వారంలోనే అంతా తుడిచిపెడితే ఆ జవాబు నిలబడదు. టోర్‌ను కూడా ఇప్పుడే తీసేయకండి. ప్రకటనల కోసమే వేసుకున్నవారు అడగగానే హడావిడిగా తీసేయరు కదా.

బ్రేవ్ హిస్టరీ మాత్రం నా మనసులో మెదులుతూనే ఉంది. అక్కడ ఆ పేజీలు ఉంటే, మొత్తం చెరిపేయకుండా ఆ కొన్ని వరుసలు మాత్రమే ఎంచుకుని తీసేయవచ్చు. వంటలు, వార్తలు, బిల్లుల చెల్లింపులు ఉన్నవి ఉన్నట్టే ఉండనివ్వండి. దీనికి కూడా తెర మీద నిఘా లేదన్న ఊహే ఆధారం. కాబట్టి ఆ పని చేసేముందు, అక్క ఫోను నుంచి సహాయ కేంద్రం కౌన్సిలర్‌తో మాట్లాడి, మీ ఇంటి పరిస్థితి మొత్తం చెప్పి నిర్ణయించుకోండి. ఆయన కోపం ఏ స్థాయిలో ఉందో వినకుండా, ఎప్పుడేం చెరపాలో నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను.

ఇక నుంచి ఈ విషయానికి సంబంధించిన ఒక్క మాట కూడా ఆ ల్యాప్‌టాప్‌లో వెతకకండి. మామూలు పనులు మామూలుగా చేస్తూ ఉండండి. టోర్‌ను అప్పుడప్పుడు తెరిచి ఏ వార్తలో చదివితే మీ జవాబుకు బలమే వస్తుంది. అసలు పనికి అక్క ఫోను ఉంది. అక్కడ కొత్త మెయిల్ ఖాతా తెరవండి, పాస్‌వర్డ్ ఇంతవరకు ఎక్కడా వాడనిది పెట్టండి. పాత ఖాతాతో మాత్రం అక్క ఫోనులో లాగిన్ కావద్దు. అలా చేస్తే అక్కడ వెతికినవి ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ కనిపించే వీలుంది, ఖాతా భద్రత పేజీలో కొత్త ఫోను పేరు కూడా కనబడుతుంది. మీకు సొంత ఫోను ఉంటే, అది ఆయన కొని సిద్ధం చేసి ఇచ్చినదైతే, దాన్ని కూడా ల్యాప్‌టాప్ లాగే చూడండి.

టెయిల్స్ అనే పెన్‌డ్రైవ్ వ్యవస్థ గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తోనే లేపితే అంతా మెమరీలో నడుస్తుంది, లోపలి డిస్క్ మీద ఏమీ రాయదు, ఆపగానే మెమరీని తుడిచేస్తుంది. చాలా మంచి పని. పాత్రికేయులకు నేనే సూచిస్తుంటాను. మీకు మాత్రం సూచించను. ఆ పెన్‌డ్రైవ్ ఒకరోజు ఆయన కంటపడితే ఇప్పుడు చెప్పిన జవాబు దానికి సరిపోదు.

ఇంకొక సంగతి. ఇంతవరకు మిమ్మల్ని భయపెట్టిన ఈ లెక్కలు మీ పేజీలను మాత్రమే రాసుకోవు. ఆయన నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టి ఉంటే అది ఏ రోజు వచ్చింది, ఎవరి లాగిన్ కింద నడిచింది అన్నది కూడా అదే ప్రీఫెచ్‌లో, అదే రిజిస్ట్రీలో ఉండే అవకాశం ఉంది. రేపు న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వస్తే మీ న్యాయవాదికి ఈ మాట చెప్పండి. పరీక్షించేవారు డిస్క్‌కు యథాతథంగా నకలు తీసి, దానికీ అసలుకూ హ్యాష్ విలువ (కొంచెం మారినా తేడా చూపే వేలిముద్రలాంటి సంఖ్య) సరిచూసి, నకలు మీద పని చేస్తారు. అప్పుడు ఆ యంత్రం మీ తరఫున సాక్ష్యం చెప్పగలదు. క్లీనర్ వద్దనడానికి ఇది కూడా ఒక కారణం. ఆయన పంపిన బెదిరింపు సందేశాలు ఉంటే అవి కూడా చెరపకండి. ఏ రోజు ఏం జరిగిందో తేదీతో ఒక మామూలు నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం మీ ఇంట్లో వద్దు, అక్క దగ్గర ఉండనివ్వండి.